కాలేజీ సర్వర్ రూములో డెబియన్ మిర్రర్: జూన్ నుంచి ఆగస్టు దాకా

2025 జూన్ 14, శనివారం

ప్రిన్సిపాల్ మేడమ్ ఈరోజు సరేనన్నారు. మాది గుంటూరు జిల్లాలో ఓ మోస్తరు ఇంజినీరింగ్ కాలేజీ. కంప్యూటర్ ల్యాబులు, నెట్‌వర్కు చూసుకోవడం నా ఉద్యోగం. ల్యాబుల్లో 240 మెషీన్లు డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. డెబియన్ సాఫ్ట్‌వేర్ భాండాగారానికి మా దగ్గరొక నకలు పెట్టి, అడిగినవాళ్లందరికీ ఇవ్వాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. దాన్నే మిర్రర్ అంటారు.

మేడమ్ రెండే ప్రశ్నలు వేశారు. మొదటిది, "పిల్లలకి ఇందులో ఏం వస్తుంది?" దానికి జవాబు సిద్ధంగానే ఉంది. రెండోది, "రేపు మనకి కుదరక ఆపేస్తే, మనల్ని నమ్ముకున్నవాళ్ల సంగతేంటి?" దీనికి నా దగ్గర ఏమీ లేదు. ఆలోచించి చెప్తానన్నాను.

ల్యాబుల కోసమే అయితే మిర్రర్ అక్కర్లేదు. ఆప్ట్ క్యాచర్ లాంటి చిన్న ప్రాక్సీ పెడితే, ఒకసారి వచ్చిన ఫైలునే అన్ని మెషీన్లూ వాడుకుంటాయి. పాత డిస్కు ఒకటి చాలు. మిర్రర్ బయటివాళ్ల కోసం. ఇన్నేళ్లుగా ముక్కూమొహం తెలియనివాళ్లు నడిపే సర్వర్ల నుంచి మేం ఉచితంగా తెచ్చుకుంటున్నాం. ఆ వరసలో మేమూ ఒక చెయ్యి వెయ్యాలని నా కోరిక.

డబ్బు లెక్క కూడా మాకు అనుకూలంగానే ఉంది. మా లీజు లైను 1 జీబీపీఎస్, రాకకీ పోకకీ ఒకే వేగం. పిల్లలు దించుకోవడమే గానీ పైకి పంపేది తక్కువ. గ్రాఫు చూస్తే అప్‌లోడు వైపు రోజంతా ఖాళీ. మిర్రర్‌కి కావాల్సింది సరిగ్గా ఆ వైపే. డబ్బు కట్టి వాడకుండా వదిలేస్తున్నదాన్ని పదిమందికి పనికొచ్చేలా చెయ్యడమే ఇది.

జూన్ 18

8 టీబీ డిస్కులు రెండొచ్చాయి. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా రెయిడ్ 1 పెట్టాను. డిస్కు పోయినా డేటా మళ్లీ తెచ్చుకోవచ్చు కదా, రెండెందుకని స్టోర్స్‌లో అడిగారు. తెచ్చుకోవచ్చు, కానీ అన్ని రోజులూ మూసి కూర్చోవాలి. ఫైలుని చదివిన ప్రతిసారీ చదివిన సమయం రాసుకోకుండా నోఎటైమ్‌తో మౌంట్ చేశాను. లక్షల చిన్న ఫైళ్లుండే చోట ఆ రాతలే డిస్కుని అలిసిపోయేలా చేస్తాయి.

ఏ ఆర్కిటెక్చర్లు (ప్రాసెసర్ రకాలు) ఉంచాలనేది తేల్చాల్సి వచ్చింది. డెబియన్‌లో ఉన్నవన్నీ మోయక్కర్లేదు, కావాల్సినవి ఎంచుకునే వీలుంది. మామూలు 64 బిట్ పీసీల కోసం ఏఎండీ64 తప్పదు. చిన్న బోర్డుల మీద ప్రాజెక్టులు చేసేవాళ్ల కోసం ఆర్మ్64. పాత ల్యాబులో ఇంకా 32 బిట్ మెషీన్లు ఉన్నాయి కాబట్టి ఐ386.

చోటు మిగులుతుందని సోర్సు (ప్రోగ్రాములు రాసిన అసలు కోడు) వదిలేద్దామా అని ఒక విద్యార్థి అడిగాడు. వద్దన్నాను. జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రాము బైనరీని (మెషీన్ నడిపే రూపాన్ని) పంచేటప్పుడు దాని సోర్సు కూడా అందేలా చూడాలి. ఒకే చోట రెండూ పెట్టడమే అన్నిటికన్నా సూటి దారి. చట్టం సంగతి అటుంచితే, మా దగ్గర ప్యాకేజీ దించుకున్న ఏ సెకండియర్ కుర్రాడికైనా అది ఎలా పుట్టిందో అదే సర్వర్లో తెరిచి చూసే వీలుండాలి. అది లేకపోతే ఇంత శ్రమకి అర్థమే లేదు.

జూన్ 21 నుంచి 27

మొదటి సింకు, అంటే భాండాగారాన్ని మా డిస్కుకి తెచ్చుకోవడం, రాత్రిపూట మాత్రమే నడిపాను. ఆరు రాత్రులు పట్టింది.

మొదటి రాత్రే తప్పు జరిగింది. 200 ఎంబీపీఎస్ దాటకూడదని, ఫైళ్లు నకలు చేసే ఆర్‌సింక్ ప్రోగ్రాములో వేగానికి హద్దు పెట్టే బీడబ్ల్యూలిమిట్ దగ్గర 200000 అని రాశాను. ఆ అంకె సెకనుకి కిలోబైట్లు, కిలోబిట్లు కాదు. అంటే నేను పెట్టిన హద్దు లైను కన్నా పెద్దది. తొమ్మిదిన్నరకి హాస్టల్ నుంచి వార్డెన్ ఫోన్, "సార్, నెట్ పూర్తిగా పోయింది, పిల్లలు గోల చేస్తున్నారు." 25000కి తగ్గించాక సర్దుకుంది.

హాస్టల్ వాళ్లకి సారీ చెప్పాను. అవతలివైపు వాళ్లే మనసులో మెదులుతున్నారు. మాకు ఫైళ్లిచ్చే పై మిర్రర్ కూడా ఎవరో ఉచితంగా నడుపుతున్నదే. ఎవరూ అడ్డుచెప్పట్లేదని వాళ్ల లైనులో అంత భాగం నేనొక్కణ్ణే లాక్కోవడం తప్పు. నడిపేవాళ్లకి ఉత్తరం రాసి, రోజూ ఏ వేళల్లో తెచ్చుకుంటే ఇబ్బంది ఉండదో అడిగాను. మర్నాడే మర్యాదగా జవాబొచ్చింది. ఆ పని ముందే చెయ్యాల్సింది.

జూన్ 30

సింకు పూర్తయ్యాక ఆరు గంటలకోసారి మామూలు ఆర్‌సింక్ నడిచేలా క్రాన్‌లో (వేళకి పనులు మొదలుపెట్టే ప్రోగ్రాములో) పెట్టి, ఒక ల్యాబుని మా మిర్రర్ వైపు తిప్పాను. రెండోరోజుకే ఐదు మెషీన్లలో "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అని వచ్చింది.

కారణం ఇదీ. డెబియన్ భాండాగారంలో రెండు ముఖ్యమైన భాగాలుంటాయి. పూల్‌లో అసలు ప్యాకేజీలు, డిస్ట్స్‌లో వాటి జాబితాలు. జాబితాలో ప్రతి ఫైలుకీ హ్యాష్ ఉంటుంది, ఫైలుకి వేలిముద్ర లాంటిది. మామూలు ఆర్‌సింక్ ఫోల్డర్లని పేర్ల వరసలో చేసుకుంటూ పోతుంది, అంటే పూల్ కన్నా ముందు డిస్ట్స్. ఆ మధ్యలో ఎవరైనా ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రాము) అప్‌డేట్ చేస్తే సగం కొత్తవి, సగం పాతవి అయిన జాబితాలు చేతికొస్తాయి. జాబితా సరిగ్గా దొరికినా, అందులో రాసిన ప్యాకేజీ ఇంకా వచ్చి ఉండదు. కిరాణా కొట్లో సరుకు దించకముందే బోర్డు మీద పేరు రాసేసినట్టు.

దీనికి డెబియన్ వాళ్లే ఎఫ్‌టీపీసింక్ అనే స్క్రిప్టు ఇస్తారు. అది రెండు విడతల్లో పనిచేస్తుంది. మొదటి విడతలో జాబితాలు ముట్టుకోకుండా కొత్త ప్యాకేజీలన్నీ తెస్తుంది, పాతవి ఒక్కటీ తీసెయ్యదు. రెండో విడతలో జాబితాలు మార్చి, ఆ తర్వాతే అక్కర్లేని పాత ఫైళ్లు తీసేస్తుంది. దాంతో ఏ క్షణంలో ఎవరు వచ్చినా జాబితాలో ఉన్నది పూల్‌లో దొరుకుతుంది. నా సొంత స్క్రిప్టు తీసేశాను.

జూలై 5

సెక్యూరిటీ అప్‌డేట్ల భాండాగారం కూడా మనమే మిర్రర్ చేద్దామా అని పిల్లలు అడిగారు. చెయ్యం. డెబియన్ కూడా వద్దనే చెప్తుంది. భద్రతా లోపానికి మందు విడుదలైన గంటకే మెషీన్లకి చేరాలి, మధ్యలో మాలాంటివాళ్ల ఆలస్యం ఉండకూడదు. ల్యాబు మెషీన్లన్నిటిలో సెక్యూరిటీ లైను నేరుగా డెబియన్ సర్వర్‌కే ఉంచాను. మమ్మల్ని వాడుకునేవాళ్లకీ ఇదే మాట మొదటి పేజీలో రాశాం.

జూలై 12, శనివారం

మొదలుపెట్టాక మర్చిపోలేని రోజు.

మంగళవారం సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది. యూపీఎస్ నలభై నిమిషాలు లాగింది, తర్వాత సర్వర్ ఆగిపోయింది. బుధవారం పొద్దున్న కరెంటొచ్చింది, సర్వర్ తనంతట తనే లేచింది, పేజీలు తెరుచుకున్నాయి. బాగుందనుకుని మిడ్ పరీక్షల పనిలో పడిపోయాను.

ఈరోజు ఫైనలియర్ కుర్రాడొకడు వచ్చాడు. సొంత ల్యాప్‌టాప్‌లో డెబియన్ టెస్టింగ్ (తర్వాతి విడుదలకి సిద్ధమవుతున్న రూపం) వాడతాడు. "సార్, మంగళవారం నుంచి నాకొక్క అప్‌డేట్ కూడా రాలేదు. కొత్త విడుదల దగ్గర పడిందని మార్పులు తగ్గుంటాయి గానీ, మరీ సున్నా ఏంటి?"

ట్రేస్ ఫైలు తెరిచాను. సింకు పూర్తయినప్పుడల్లా ప్రాజెక్ట్ ఫోల్డర్లోని ట్రేస్‌లో మా సర్వర్ పేరుతో ఒక చిన్న ఫైలు పడుతుంది, మొదటి వరసలో తేదీ ఉంటుంది. జూలై 8 మధ్యాహ్నం దగ్గర ఆగిపోయి ఉంది. నాలుగు రోజులు.

ఫైర్‌వాల్‌లో ఆర్‌సింక్ వాడే 873 పోర్టు తెరిచాను గానీ ఆ మార్పు సేవ్ చెయ్యలేదు. రీబూట్‌తో అది పోయింది. ప్రతి ఆరు గంటలకీ సింకు మొదలై, విఫలమై, ఉత్తరం రాస్తూనే ఉంది. ఆ ఉత్తరాలన్నీ ఎవరూ తెరవని రూట్ మెయిల్‌బాక్సులో పడ్డాయి. వెబ్ సర్వర్ మాత్రం అడిగినవాళ్లకి చక్కగా పాత ఫైళ్లు ఇస్తూ పోయింది. ఎర్రర్ లేదు, ఫిర్యాదు లేదు.

నాకు నిజంగా భయం వేసింది. మిర్రర్ పడిపోతే పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. పాతబడితే ఎవరికీ తెలీదు. టెస్టింగ్‌, సిడ్ లాంటి ఇంకా తయారీలో ఉన్న రూపాలకి రిలీజ్ ఫైల్లో గడువు తేదీ ఉంటుంది, అది దాటితే ఆప్టే ఒప్పుకోదు. స్టేబుల్ (అధికారికంగా విడుదలైన రూపం) ప్రధాన భాండాగారానికి ఆ గడువు లేదు. అంటే మా ల్యాబుల్లాంటి స్టేబుల్ వాడకందార్లకి ఆరు నెలల పాత నకలు ఇచ్చినా అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతుంది. జాబితా అసలుదేనని చూపే డెబియన్ డిజిటల్ సంతకం కూడా సరిపోతుంది, ఎందుకంటే అది నిన్నటి నిజమైన సంతకమే. సెక్యూరిటీ లైను నేరుగా ఉంచినందుకు ఈ నాలుగు రోజులూ మా మెషీన్లకి పెద్ద హాని జరగలేదు.

సాయంత్రం దాకా కూర్చుని మూడు మార్పులు చేశాం. ఫైర్‌వాల్ మార్పు సేవ్ చేశాం. సింకు ఉత్తరాలు ముగ్గురికి వెళ్లేలా చేశాం. ట్రేస్ తేదీ చూసి, పది గంటలు దాటితే ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న స్క్రిప్టు రాశాం. ఆ స్క్రిప్టు మిర్రర్ సర్వర్లో లేదు. మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, వేరే కంపెనీ ఇంటర్నెట్ మీద నడుస్తోంది. పడిపోయిన సర్వర్ తాను పడిపోయానని చెప్పుకోలేదు కదా.

నాలుగో విషయం మీద పెద్ద చర్చే జరిగింది. ట్రేస్ వయసు 48 గంటలు దాటితే ఫైళ్లివ్వడం ఆపేసి 503 (సేవ ప్రస్తుతం లేదనే ఎర్రర్) అని చెప్పాలని నా అభిప్రాయం. థర్డ్ ఇయర్ అమ్మాయి ఒప్పుకోలేదు. "సార్, పరీక్ష రోజు ల్యాబులో ఇన్‌స్టాల్ ఆగిపోతే? రెండు రోజుల పాతదైనా పని జరుగుతుంది కదా." ఆమె మాటలో న్యాయం ఉంది. చివరికి క్యాంపస్ లోపలి అడ్రసులకి ఇవ్వాలని, బయటివాళ్లకి 503 పెట్టాలని తేల్చాం. లోపలివాళ్లకి మనం నోటితో చెప్పగలం. బయటివాళ్లకి ఎర్రర్ తప్ప చెప్పే దారి లేదు.

జూలై 19

ఈ వారమంతా నమ్మకం గురించే. 2008లో అరిజోనా విశ్వవిద్యాలయంలో జస్టిన్ కాపోస్ బృందం ఒక ప్రయోగం చేసింది. లేని కంపెనీ పేరుతో సర్వర్ అద్దెకి తీసుకుని, డెబియన్, ఉబుంటు, ఫెడోరా, సెంటోస్, ఓపెన్‌సుసే ఐదింటికీ అధికారిక మిర్రర్‌గా జాబితాలో చేరిపోయింది. మిర్రర్ కావాలనుకుంటే సంతకం ముట్టుకోకుండానే వాడకందార్లని పాత లోపాల దగ్గర కట్టిపడెయ్యగలదని వాళ్లు చూపించారు. పోయిన వారం మాకు గాలివాన వల్ల జరిగింది అదే. అది చదివాక పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

ఇంకొకటి 2017 మేలో. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఒక డౌన్‌లోడ్ మిర్రర్‌లోకి ఎవరో చొరబడి, మ్యాక్ కాపీ స్థానంలో ప్రోటాన్ అనే ట్రోజన్ ఉన్న కాపీ పెట్టారు. మే 2 నుంచి 6 దాకా అది అక్కడే ఉంది. ఆ రోజుల్లో మ్యాక్‌లోకి దించుకున్నవాళ్లకి అది తగిలే అవకాశం సగానికి సగం అని ప్రాజెక్టు వాళ్లే ప్రకటించారు. డెబియన్‌లో ఫైలు మారిస్తే సంతకం దగ్గర ఆప్ట్ పట్టేసుకుంటుంది. అయినా మా సర్వర్లోకి ఎవరో రావడమంటే మా మీద ఉన్న నమ్మకం పోవడమే.

అందుకే ఆ సర్వర్ మీద ఇంకేమీ నడపట్లేదు. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైటు పెడదామన్నారు, వద్దన్నాను. లాగిన్ ముగ్గురికే, పాస్‌వర్డ్ కాకుండా కీలతో. మార్పు జరిగిందని పై మిర్రర్ మాకు కబురు పెట్టే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కీ ఒకటుంది. దానితో సింకు మొదలుపెట్టడం తప్ప ఇంకేదీ చెయ్యలేకుండా కట్టడి చేశాం.

మా నుంచి వేరే మిర్రర్లు తెచ్చుకునేలా ఆర్‌సింక్ సేవ కూడా తెరవాలా? ప్రస్తుతానికి వద్దు. ఈ జనవరిలో ఆర్‌సింక్ 3.4.0 వచ్చింది, ఆరు లోపాలకి మందుగా. అందులో అన్నిటికన్నా తీవ్రమైనవి రెండూ కలిస్తే, పాస్‌వర్డ్ లేకుండా చదివే అనుమతి మాత్రమే ఉన్నవాడు కూడా సర్వర్లో తన కోడ్ నడపగలడు. పబ్లిక్ మిర్రర్లు ఇచ్చేది సరిగ్గా ఆ అనుమతే. డెబియన్ 12లో దిద్దిన ప్యాకేజీ ఉంది, మేం అదే వాడుతున్నాం. కానీ అలాంటి వార్త వచ్చిన రాత్రే సర్వర్ ముందు కూర్చునే మనిషి ఉన్నాడని నమ్మకం కలిగాకే ఆ తలుపు తెరుస్తాను.

జూలై 26

లాగ్‌ల సంగతి. ఎవరు ఏ అడ్రసు నుంచి ఏ ప్యాకేజీ దించుకున్నారో వెబ్ సర్వర్ రాసుకుంటుంది. ఒకరి మెషీన్లో ఏముందో, ఏది పాతబడిందో అందులోంచి ఊహించవచ్చు. పద్నాలుగు రోజులకి చెరిపేద్దామనుకున్నాను. అయితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, అవి మాకూ వర్తిస్తాయనే కాలేజీ నిర్ణయించింది. సరే, 180 రోజులు ఉంచుతాం, వేరే డిస్కులో, ఇద్దరికే అందేలా. 181వ రోజు వాటంతటవే పోతాయి. ఈ మాట కూడా మొదటి పేజీలో ఉంది.

ఆగస్టు 9, రెండో శనివారం, రాఖీ పౌర్ణమి

డెబియన్ 13 ట్రిక్సీ విడుదల. మొత్తం 69,830 ప్యాకేజీలు. సెలవైనా నలుగురు పిల్లలు వచ్చారు, ఇద్దరి చేతికి రాఖీలు.

ఈరోజు డౌన్‌లోడు విపరీతంగా ఉంటుందని వాళ్లు అనుకున్నారు. గ్రాఫు మామూలుగానే ఉంది. ట్రిక్సీ నిన్నటి దాకా టెస్టింగ్‌గా మా దగ్గరే ఉంది, దాని ప్యాకేజీలన్నీ పూల్‌లో ఎప్పుడో చేరాయి. ఈరోజు మారింది జాబితాలే. స్టేబుల్ అనే పేరు బుక్‌వర్మ్ (డెబియన్ 12) నుంచి ట్రిక్సీకి వెళ్లింది, బుక్‌వర్మ్ ఓల్డ్‌స్టేబుల్ అయింది.

పేరు మారడంలోనే ల్యాబులకి ప్రమాదం ఉంది. ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో రాసుకునే సోర్సెస్ లిస్టులో బుక్‌వర్మ్ అని కాకుండా స్టేబుల్ అని రాసి ఉంటే, ఆ మెషీన్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు చెప్పాపెట్టకుండా కొత్త విడుదలకి వెళ్తుంది. పోయిన వారమే వెతికితే అలాంటివి 38 దొరికాయి, దిద్దేశాం. ట్రిక్సీలో ఐ386కి కెర్నెల్, ఇన్‌స్టాలర్ లేవు. పాత ల్యాబు బుక్‌వర్మ్‌లోనే ఉండాలి, దానికి 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) ఉంది. జూన్‌లో ఐ386 ఉంచడం మంచిదైంది.

పక్క కాలేజీ లెక్చరర్ ఫోన్ చేసి ఐఎస్ఓ అడిగారు. ఇన్‌స్టాల్ ఇమేజిలు ఈ భాండాగారంలో ఉండవు, వాటికి వేరే మిర్రర్లున్నాయని చెప్పి అడ్రసు ఇచ్చాను. ఆయన ఇన్‌స్టాల్ చేస్తుండగా లాగ్‌లో చూశాను, మొదట దించుకున్న కొన్నింటిలో ఫాంట్స్-టెలు ఉంది. పోతన, వేమన ఫాంట్లుండే ప్యాకేజీ. మా డిస్కు నుంచి తెలుగు అక్షరాలు ఇంకో ఊరి ల్యాబుకి వెళ్తుంటే చూడటం ఎంత బాగుందో!

ఆగస్టు 16

అధికారిక జాబితాలో చేర్చమని దరఖాస్తు పెట్టేముందు, జూన్‌లో మేడమ్ అడిగిన రెండో ప్రశ్నకి జవాబు రాయాలనుకున్నాను.

కాలేజీలో పెట్టిన ఏ సర్వర్‌కైనా ఒకటే జబ్బు. ఉత్సాహం ఉన్న ఫైనలియర్ పిల్లలు మొదలుపెడతారు, కాంటాక్ట్ దగ్గర సొంత మెయిల్ ఇస్తారు, మేలో వెళ్లిపోతారు. ఆ తర్వాత ఉత్తరం రాస్తే చూసే దిక్కుండదు. రేపు నేను ఉద్యోగం మారినా అంతే. అందుకని కాంటాక్ట్‌గా మిర్రర్ పేరుతోనే ఒక మెయిల్ అడ్రసు పెట్టాం. అది నాకు, ఒక ఫ్యాకల్టీకి, ఇద్దరు విద్యార్థులకి వెళ్తుంది. ఆ ఇద్దరూ థర్డ్ ఇయర్ వాళ్లే అయ్యుండాలి. ఫైనలియర్‌కి వచ్చాక వాళ్లు కింది ఇద్దరికి నేర్పి అప్పజెప్పాలి.

ఆపెయ్యాల్సి వస్తే ఏం చెయ్యాలో ఒక పేజీ రాశాం. ముందు డెబియన్ మిర్రర్ బృందానికి ఉత్తరం, జాబితాలోంచి మా పేరు తీసెయ్యమని. మొదటి పేజీలో ప్రకటన. ఆ తర్వాత కూడా కనీసం మూడు నెలలు ఎప్పట్లాగే సింకు చేస్తూ నడపడం, ఎందుకంటే సోర్సెస్ లిస్టులో మా పేరు రాసుకున్నవాళ్లు జాబితా మళ్లీ చూడరు. డిస్కు, యూపీఎస్ బ్యాటరీల కోసం ఏటా కొంత పక్కన పెట్టాలని కూడా రాసి, మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. మొత్తం చదివారు. మూడు నెలలని ఉన్నచోట ఆరు అని దిద్ది సంతకం చేశారు. "సెమిస్టర్ మధ్యలో ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దు" అన్నారు.

సాయంత్రం దరఖాస్తు పంపాం. ఏయే ఆర్కిటెక్చర్లు, ఎవరి నుంచి సింకు, ఏ దేశం, ఏ ఊరు, ఎవరి ఖర్చు, ఎవరికి రాయాలి. చివరి గడిలో ఆ మెయిల్ అడ్రసుని పిల్లల చేతే టైపు చేయించాను.

ఆగస్టు 23

నాలుగు రోజులు ఊరెళ్లి ఈ మధ్యాహ్నమే వచ్చాను. ఫోన్‌కి ఒక్క మెసేజీ రాలేదు. రాలేదంటే అంతా బాగున్నట్టా, స్క్రిప్టు ఆగిపోయినట్టా అని దారంతా టెన్షన్. సర్వర్ రూముకి వెళ్తే, తలుపు పక్కన దారంతో కట్టిన నోట్‌బుక్‌లో థర్డ్ ఇయర్ అమ్మాయి చేతిరాత.

"23-8, ఉదయం 8.40. ట్రేస్ వయసు 5 గంటలు. డిస్కు 41 శాతం. రెండు డిస్కులూ బాగున్నాయి. సార్ ఇంట్లో స్క్రిప్టు పనిచేస్తోందో లేదో చూడటానికి గురువారం టెస్ట్ మెసేజ్ నా ఫోన్‌కి పంపించుకున్నాను, వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ ఒకటి ఉబ్బినట్టుంది, స్టోర్స్‌కి చెప్పాను."